కోదాడ కోకిల మీద అనుమానం

నవనీతకున్న భయాల్లోకెల్లా పెద్దది ఒక్కటే: మూడో ఏడు నడుస్తున్న కొడుకు కిరణ్ ఎన్నటికీ నోరు విప్పడేమోనని. అమ్మా అనడు, అత్తా అనడు. చెవులు బాగానే ఉన్నాయి, ఓపిక పట్టమన్నారు దవాఖానలో. ఆ ఓపికే ఆమె దగ్గర లేదు.

దానికి తోడు మరిది లక్ష్మణ్.

"వదినా, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మొత్తం గాలించినా నా అసొంటి డిటెక్టివ్ దొరకడు. రాసిపెట్టుకో!"

"మొన్న తప్పిపోయిన బర్రెను దొరకవట్టినవా?"

"అదే ఇంటికొచ్చింది గదా! నేను ఎతుకుతున్ననని తెలిసి భయపడ్డది."

అంతలో పెరటి వేపచెట్టు మీద కోయిల "కూ" అంది. వెంటనే గోడ దిక్కు నుంచి ఎవరో "కూ" అన్నారు. లక్ష్మణ్ కళ్లు చిన్నవయ్యాయి.

"సిగ్నల్! పిల్లలను ఎత్తుకపోయే ముఠా!"

నవనీతకు కొత్త భయం పట్టుకుంది. అమ్మా అని అరవడం రాని పిల్లవాణ్ణి ఎత్తుకుపోతే ఎవరికి తెలుస్తుంది?

"నాయకురాలెవరో గూడ తెలిసిపోయింది," అన్నాడు లక్ష్మణ్, గోడ అవతలికి వేలు చూపిస్తూ. అక్కడ కిరాయికుండే ప్రశాంతి పెళ్లిళ్లలో పాటలు పాడుతుంది. ఫ్లెక్సీల మీద ఆమె పేరు ముందు 'కోదాడ కోకిల' అని వేస్తారు. "కోకిల గాక ఇంకెవరు కూస్తరు?"

గోడ మీంచి ప్రశాంతి తల లేచింది.

"ఏంటయ్యా, కూసే కోయిల మగది! ఆడదానికి ఆ పాట రానే రాదు. అయినా బిరుదు మాత్రం మాకే. మగాడు పాడితే గంధర్వుడంటారు, ఆడది పాడితే పిట్ట అంటారు. ముందు ఆ కేసు తేల్చు!"

లక్ష్మణ్ గడ్డం గోక్కున్నాడు. "అంటే ముఠాల మగోడు గూడ ఉన్నడన్నట్టు. పట్టుకుంట సూడు!"

గోడెక్కాడు. కాలు జారింది. బర్రె నీళ్లు తాగే గోలెంలో కూలబడి, తలా కాళ్లూ మాత్రం బయట పెట్టుకుని ఇరుక్కుపోయాడు.

"వదినా, శత్రువు నన్ను తోసేసిండు!"

చెట్టు మీద కోయిల మళ్లీ కూసింది. గోడ పక్కన వేసిన మంచం కింద నుంచి "కూ!" అని జవాబొచ్చింది.

నవనీత వంగి చూసింది. మోకాళ్ల మీద కిరణ్, చెట్టు వైపు మెడ చాచి! వీధి పిల్లలంతా కోయిలను ఉడికించేది ఇలాగే. అది రెచ్చిపోయి గొంతు పెంచుతుంది, వీళ్లూ పెంచుతారు. అమ్మను చూసి వాడు టక్కున నోరు మూశాడు.

నవనీత మట్టిలో బోర్లా పడుకుంది. మెల్లగా, "కూ," అంది.

వాడు ఆమె నోటినే చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత పళ్లన్నీ బయటపెట్టి, "కూ!" అన్నాడు, చెట్టుకు కాదు, అమ్మకు.

ప్రశాంతి గోడ దూకి వచ్చి తనూ అందుకుంది. ఏడుస్తూ, నవ్వుతూ, ముగ్గురూ కోయిలకు ఊపిరాడనివ్వలేదు.

ఆ సంబరంలో ఒక మనిషి సంగతి అందరూ మరిచారు. మీలో ఎవరైనా అటువైపు పోతే, ఆ గోలెంలోకి కాస్త తొంగి చూసి రండి. లక్ష్మణ్ కాళ్లు ఇంకా పైకే ఉన్నాయేమో.