నోరున్న పెద్దాయన

తనిఖీ వాళ్లు పొద్దున్నే వస్తామన్నారు. అందుకని ఆ రోజుకు వృద్ధాశ్రమం మేనేజరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీలు కాగానే పెద్దాయన్ని కంటి డాక్టరు దగ్గరికి పంపించెయ్యాలి. ఆయన కళ్లకు వచ్చిన లోటేమీ లేదు. బాధంతా ఆయన నోటితోనే. ఒకప్పుడు స్టేషన్ మాస్టరుగా చేసిన మనిషి. కాఫీ చల్లారిందనీ, దుప్పటి పొట్టిదనీ, గంట కొడితే ఆయా నడిచొస్తోంది గానీ పరిగెత్తి రావడం లేదనీ రోజుకో పేచీ పెడతాడు.

కిందటి తనిఖీలో మెట్ల పక్కన పట్టుకునే కమ్మీ లేదని, వంటగది కప్పు కారుతోందని ఆశ్రమానికి మొట్టికాయలు పడ్డాయి. రెండూ బాగుచేయించారు. అయినా ఈసారి కూడా తప్పిందంటే తలుపులకు తాళమే, ఉన్నవాళ్లంతా తలో దిక్కూ చెదిరిపోవలసిందే. ఒకరితో ఒకరు పోట్లాడుకుంటూ, ఒకరి అలవాట్లకు ఒకరు సర్దుకుని బతుకుతున్న ముసలి ప్రాణాలు. అది తలుచుకుంటే మేనేజరమ్మకు ముద్ద దిగడం లేదు. పెద్దాయన్ని కారెక్కించి, మిగతావాళ్లను హాల్లో కూర్చోబెట్టి, ఎవరేమడిగినా అంతా బాగుందని చెప్పండి చాలు అని బతిమాలింది.

వాళ్లకు ఆమె అంటే ప్రాణం. అందుకే ఆమె చెప్పినదానికి నాలుగింతలు చేశారు.

తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ ముందుగా హాల్లో ఓ పక్కన కూర్చుని ఏదో కుట్టుకుంటున్న కుట్టుమామ్మను భోజనం సంగతి అడిగింది. అంతా బాగుందంది మామ్మ. నిద్ర పడుతోందా అంటే అంతా బాగుందంది. పిల్లలెంతమందని అడిగినా, ఎందుకొచ్చిన గొడవని, అంతా బాగుందనే అంది. పక్కనున్న లెక్కల మాస్టారికి ఈ జవాబులు చాలవనిపించింది.

"ఇక్కడ మమ్మల్ని ఎవరూ కొట్టరండీ" అన్నాడు.

"కొడతారా అని నేనడగలేదే."

"అడక్కముందే చెబితే మంచిదని."

ఆవిడ చూపు మాస్టారి మోచేతి మీది కమిలిన మచ్చ మీద ఆగింది. జారిన సబ్బు కోసం వంగి కుళాయికి కొట్టుకున్న దెబ్బ అది. నిజం చెబితే స్నానాలగదికి చెడ్డపేరొస్తుందని మాస్టారు చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. గోరంత దెబ్బ అక్కడికక్కడే కొండంత అయింది.

ఆపైన వరండాలో ఒక గదికి తాళం కనిపించింది. లోపల్నుంచి సన్నగా ఎవరిదో గొంతు. అది పెద్దాయన గదనీ, లోపల ఎవరూ లేరనీ, ఆయన రేడియో కట్టెయ్యకుండా వెళ్లాడనీ మేనేజరమ్మ చెప్పింది. తాళంచెవి ఏదంటే, ఆశ్రమంలో ఉంచే రెండోదాన్ని కూడా పోరి తీసుకుని ఆయనే జేబులో వేసుకెళ్లాడంది. ఆయనేడీ అంటే కంటి డాక్టరు దగ్గర. పంపిందెవరంటే తనే. ఎందుకంటే, మెట్ల పక్కన కొత్త కమ్మీ చూద్దురుగాని రండంది. ఇన్‌స్పెక్టరమ్మ పోలీసులకు చెయ్యడానికి ఫోను తీసింది.

సరిగ్గా అప్పుడే కారు తిరిగొచ్చింది. కంటి డాక్టరు సెలవట. పెద్దాయన దిగీ దిగగానే అందుకున్నాడు. కళ్లు బాగున్నవాణ్ణి కావాలని ఊరేగించారన్నాడు. కారు సీటు గట్టిదన్నాడు. తాళం తీసి, మోగుతున్న రేడియో కట్టేసి, గది చూపిస్తూ దుప్పటి, కాఫీ, గంట, ఒక్కటీ వదలకుండా ఏకరువు పెట్టాడు. మేనేజరమ్మ గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. ఇక అంతా అయిపోయిందనుకుంది.

"ఇన్నేసి మాటలంటున్నారు. తర్వాత మీమీద కక్ష కట్టరా?" అని అడిగింది ఇన్‌స్పెక్టరమ్మ.

పెద్దాయనకు నిజంగానే కోపమొచ్చింది. "కక్షా? ఈ అమ్మాయా? దానికి అంత తెలివుంటే ఇంకేం! మొన్న నాకు జ్వరమొస్తే తెల్లవార్లూ కుర్చీలోనే కూర్చుంది. పొద్దున్నే కాఫీ బాగాలేదంటే మళ్లీ పెట్టి తెచ్చింది. అదీ బాగాలేదనుకోండి."

ఇన్‌స్పెక్టరమ్మ ఫోను సంచిలో పెట్టేసింది. "పొద్దుట్నుంచీ మనుషుల్ని భయపెట్టి ఉంచారనుకున్నానమ్మా. ఇంత ధైర్యంగా తిట్టే పెద్దాయన ఒకరున్నారంటే ఆ భయం లేనట్టే. మిగతావి నిదానంగా చూస్తాను" అంది. మధ్యాహ్నం దాకా మూలమూలా చూసి, ఆశ్రమం నడుపుకోవచ్చని రాసి సంతకం పెట్టి వెళ్లింది.

మర్నాడు మేనేజరమ్మ అందరి ముందూ నిలబడి, ఎవరికేం లోటుందో దాచకుండా చెప్పమంది.  ముందుగా కుట్టుమామ్మ, తన మంచం పక్క కిటికీ రెక్క సరిగ్గా పడదనీ, చలికాలమంతా కన్ను మూత పడలేదనీ చెప్పింది.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం మామ్మగారూ?"

"మొదట్లో మొహమాటమమ్మా. నిన్న చెబుదామనుకున్నాను. నోరున్నాయన్ని కారెక్కించి పంపెయ్యడం చూశాక భయమేసింది."

మేనేజరమ్మకు తల కొట్టేసినట్టయింది. మామ్మ పక్కన కూర్చుని ఆమె చెయ్యి పట్టుకుంది. కళ్లనీళ్లు తుడుచుకోవాలని కూడా తోచలేదు. ఆ సాయంత్రమే వడ్రంగి వచ్చాడు. ఈలోగా మాస్టారు కుళాయి సంగతి, మరొకరు పరుపు సంగతి, ఇంకొకరు మరేదో, హాలంతా ఒకటే గోల.

ఆ రోజు ఏమీ అననిది పెద్దాయన ఒక్కడే. ఒంట్లో బాగాలేదా అని ఆయా అడిగితే, ఇంతమంది మొదలెట్టాక ఇక్కడ తన గోడు ఎవరు వింటారన్నాడు.