ఉమాశ్రీ చెయ్యి, భీమేశ్వరరావు మెదడు

మనిషి మెదడు ఆగిపోవడం ఈ కాలంలో పెద్ద విషయం కాదు. క్లయింటు చూస్తుండగా ఆగిపోవడమే ఘోరం.

హైటెక్ సిటీలోని నిశ్చల్ సొల్యూషన్స్‌లో ఆ ఉదయం జరిగింది ఆ ఘోరమే. డెలివరీ మేనేజర్ భీమేశ్వరరావు డెమో మధ్యలో, ఏళ్ల తరబడి తానే దగ్గరుండి కట్టించిన సాఫ్ట్‌వేర్ పేరు మరిచిపోయాడు. "మన ఇది... అదేనండీ..." అన్నాడు. క్లయింటు కెమెరా ఆపేశాడు.

వెంటనే అత్యవసర మూలకారణ కమిటీ కొలువుదీరింది. నిబంధన ప్రకారం సాయంత్రంలోగా దోషి పేరు సభలో బిగ్గరగా పలకాలి. లేదంటే ప్రాజెక్టు భీమేశ్వరరావు చేతిలోంచి పోతుంది. ఆయనకు అంతకంటే పెద్ద భయం ఒకటి లోపల తిరుగుతోంది. ఈమధ్య కూకట్‌పల్లిలో సొంత ఇంటి వీధి మలుపు దాటిపోయి, ట్రాఫిక్ మళ్లించారని భార్యకు చెప్పాడు.

కమిటీ అధ్యక్షురాలు ప్రశాంతి మొదట వైఫైని అనుమానించింది. తర్వాత ఏసీని.

"మన ఆఫీసు హెల్త్ యాప్ ‘నూరేళ్లు’ల మీ బీపీ ఎప్పుడూ గ్రీనే కద సార్. హెల్త్ మంచిగనే ఉంది. ఇగ నెట్‌వర్కే అయ్యుంటది."

ఆయన టీమ్‌లోని ఉమాశ్రీ దగ్గింది. "ఆ బీపీ నాదండీ."

యాప్‌లో టీమంతా ఆకుపచ్చగా ఉంటే శుక్రవారం ఇంటి నుంచే పని. టీమ్‌లో నిలకడైన బీపీ ఉమాశ్రీకి ఒక్కదానికే ఉండేది. అందుకని ప్రతి సోమవారం బీపీ మిషను పట్టీ అందరి పేరునా ఆమె చేతికే చుట్టేవారు. (చెయ్యి కమిలేది. దానికి అలవెన్సు లేదు.)

"మీకు రోజూ బిళ్ల వేసుకోమన్నారు కదా సార్, డాక్టరుగారు?" అంది ఉమాశ్రీ.

"మానేశానమ్మా. యాప్‌లో అంత బాగుంటే ఇక బిళ్లెందుకనుకున్నాను."

సభ ఈ తర్కాన్ని గౌరవంగా ఆలకించింది. (తనకు తానే అబద్ధం చెప్పుకుని, దాన్ని నమ్మిన తొలి వ్యక్తిగా ఆయనను అభినందించాలన్న ప్రతిపాదన వాయిదా పడింది.) అనంతరం ఆయనను స్కానింగుకు పంపారు. సాయంత్రం ఆయన తిరిగొచ్చేసరికి డాక్టర్ చంద్రయ్య స్పీకర్ ఫోన్‌లో దొరికాడు.

"సారు మెదడుల మెయిన్ రోడ్లు మంచిగనే ఉన్నయి. గల్లీలే ఖరాబైనయి. ఏండ్ల సంది ప్రెషర్ గుద్దీ గుద్దీ సన్న రక్తనాళాల గోడలు మందమైనయి, లోపల దారి ఇరుకైంది. రక్తం అందక అక్కడక్కడ జర్రంత మెదడు పోయింది. స్కాన్ల తెల్ల మచ్చలు కనవడ్తున్నయి."

"రోల్‌బ్యాక్ చేసి పాత వెర్షన్‌కు తేవొచ్చా డాక్టర్?" అంది ప్రశాంతి.

"పోయింది రాదమ్మా."

"బ్యాకప్?"

"ఇయ్యాల్టి సంది బిళ్ల ఏసుకుంట బీపీ అదుపుల పెట్టుకుంటే, మిగిలింది కాపాడుకోవచ్చు. గదొక్కటే."

ప్రశాంతి గడియారం చూసింది. గడువు ముంచుకొస్తోంది. "దోషి ఉమాశ్రీ చెయ్యి అందామా? కంపెనీని తప్పుదోవ పట్టించింది అదే కద?"

ఉమాశ్రీ చెయ్యి వెనక్కి దాచుకుంది. భీమేశ్వరరావు లేచి, బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఈసారి పేరు కోసం తడుముకోలేదు.

"ఆ పిల్ల చెయ్యేం చేసిందండీ? దోషి బీపీ. నా బీపీ."

"ఓకే సార్. ఏ టీమ్‌ల ఉందని చెప్పాలె?"

ఆయన తన టీమ్ వైపు ఒక్కొక్కరినీ చూశాడు.

"ఇంకెవరిలో ఉందో తెలీదండీ. ఇక్కడ కొలిపించుకున్నది ఉమాశ్రీ ఒక్కతే."