నాలుగు నుంచి అయిదు దాకా ధర్మం

తప్పొప్పులు సందుకో తీరుగా ఉంటాయి కనుక, ఒక సందు వాళ్ళ నడతను ఇంకో సందు వాళ్ళు వేలెత్తి చూపరాదని మంత్రిగారు సోమవారం పొద్దున్న ప్రకటించారు. అంత పెద్ద సత్యం ఆయనకు స్నానాల గదిలో తట్టిందని చెప్పుకుంటారు. ముందురోజే ఆయన బావమరిది పార్కును తన పెరట్లో కలుపుకుని గోడ కట్టాడని పత్రికల్లో పడింది గానీ, దానికీ దీనికీ సంబంధం లేదని పీఏ మూడుసార్లు చెప్పాడు. అంత గట్టిగా చెప్పాక ఇంక ఉండదు.

బుధవారానికల్లా ఆచారాల నమోదు కార్యాలయం వెలిసింది. రెండు బల్లలు, ఒక ఫ్యాను, ఒక రబ్బరుముద్ర, ఆ ముద్ర వెనకాల ఒక గుమాస్తా. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఎక్కడ వెయ్యమంటే అక్కడ ముద్ర వేసిన మనిషి. నిబంధన కూడా చంటిపిల్లాడికి అర్థమయ్యేదే. ఒకసారి చేస్తే నేరం, మూడుసార్లు చేస్తే ఆచారం. ఇద్దరు పెద్దమనుషులు సంతకం పెడితే సంస్కృతి.

జనం విరగబడ్డారు. పాలలో నీళ్ళు తాతల నాటి నుంచీ వస్తున్నాయని పాలవాడు రాయించుకున్నాడు. కట్టిన వంతెన ఏడాదిలో పడిపోవడం తమ శాఖలో గురుశిష్య పరంపర అని ఒక ఇంజనీరు పత్రం పట్టుకెళ్ళాడు. ఇన్ని సంస్కృతుల మధ్య పుట్టి కూడా ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకుని బతికానే అని గుమాస్తా లోలోపల నొచ్చుకున్నాడు.

అలాంటి రోజుల్లోనే జెండా వచ్చాడు. జెండా అంటే మంత్రిగారి పార్టీ మనిషి. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయనకే గుర్తులేదు. గుమాస్తా అక్క ఉండే సందులోనే కాపురం. అక్క దర్జీ పనిచేసి ఇల్లు నెట్టుకొచ్చే మనిషి. పార్టీ జెండాలు కుట్టించాలి, నాలుగు రోజుల్లో తెచ్చిస్తానని జెండా ఆవిడ చేతి కుట్టుమిషను ఎరువు పట్టుకెళ్ళి అప్పటికి నాలుగు నెలలు. నిచ్చెన, పెద్ద గుండిగ అంతకుముందే వేరే ఇళ్ళనుంచి ఇలాగే వెళ్ళాయి. లెక్కకు సరిగ్గా మూడు.

దరఖాస్తులో మనిషి పేరుకు గడి లేదు, సందు పేరుకే ఉంది. ఆచారమంటే ఒక్కడిది కాదు కదా. గుమాస్తా తన ముత్యాల్లాంటి అక్షరాలతో ‘ఈ సందులో చేతికొచ్చిన వస్తువు తిరిగి ఇవ్వకపోవడం తరతరాల ఆచారం’ అని రాశాడు. రాస్తున్నది అక్క మిషను సంగతేనని చేతికి తెలుసు. అయినా చెయ్యి ఆగలేదు, ముద్ర అంతకన్నా ఆగలేదు. జెండా తలుచుకుంటే పొద్దున బదిలీ, సాయంత్రం సస్పెన్షను.

ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాడు. ఆవిడ గుమ్మంలో కూచుని ఒక స్కూలు చొక్కాకు చేత్తో కాజాలు కుడుతోంది. కళ్ళు నీళ్ళు కారుతున్నాయి. ఏడుపు కాదు, సూది మీద చూపు. పాత బేరాలు ఒక్కొక్కటే పక్క వీధి దర్జీకి పోతున్నాయట. ఇంకో నెల ఇలాగే నడిస్తే కత్తెర కూడా అటకెక్కించాల్సిందేనట.

“మిషను తీసుకెళ్ళి ఇవ్వకపోవడం తప్పా కాదా, అది చెప్పు ముందు” అంది.

వాళ్ళ దృష్టిలో నుంచి చూస్తే అని గుమాస్తా మొదలుపెట్టాడు. అక్క కత్తెర తీసి పక్కన పెట్టింది. అతను పత్రం నకలు ఒకటి చేతికిచ్చి బయటపడ్డాడు.

ఆవిడ ఆ నకలును పంచాంగంలా రెండుసార్లు చదివింది.

ఇక్కడ మంత్రిగారి కోటు సంగతి చెప్పాలి. పరాయి తప్పుల్ని సహించడంలో ఆయనకు సాటిలేరని ఊరి పెద్దలు శుక్రవారం సాయంత్రం అయిదింటికి ‘సహనమూర్తి’ బిరుదు ఇస్తున్నారు. ఆయన కొలతలు కంఠస్థం వచ్చింది అక్కకే. ఆ సభకు వేసుకునే కోటుకని పీఏ గుడ్డ పంపాడు. ఆవిడ తీసుకుని, కత్తిరించి, పెట్టెలో పెట్టి తాళం వేసింది. శుక్రవారం మధ్యాహ్నం డ్రైవరు వస్తే నకలు చూపించి, మా సందు ఆచారం నాయనా, చేతికొచ్చింది ఇవ్వం అంది. డ్రైవరు ఆచారానికి నమస్కారం పెట్టి ఉత్తచేతులతో వెళ్ళాడు.

మూడున్నరకు పీఏ చెమటలు కక్కుతూ కార్యాలయంలోకొచ్చాడు. చేతిలో తడి ఆరని ఉత్తర్వు. గుమాస్తా పైకి చదివాడు: ‘పరుల సొత్తు ఉంచుకోవడం అన్ని దేశాల్లో, అన్ని కాలాల్లో, అందరికీ తప్పు. ఈ శాశ్వత సత్యం నేటి సాయంత్రం నాలుగు నుంచి అయిదు దాకా అమల్లో ఉంటుంది.’

ఇద్దరూ కారులో అక్క ఇంటికి వెళ్ళారు. ఆవిడ ఉత్తర్వు చూసి, పేచీ పెట్టకుండా మూట తెచ్చి ఇచ్చింది. విప్పితే రెండు చేతులు, ఒక వీపు, ఒక కాలరు, దేనికది విడిగా ఉన్నాయి.

“కుట్టలేదేం?” అన్నాడు పీఏ.

“దేంతో కుట్టను బాబూ, పళ్ళతోనా?”

పీఏ మూట చంకన పెట్టుకుని కారులోకి ఉరికాడు. అక్క తమ్ముడి వైపు తిరిగింది. ఈ గంటలో తప్పు అందరికీ తప్పేనా అని అడిగింది. అందరికీనే అన్నాడు గుమాస్తా. మరి జెండాకో అంది. గుమాస్తా ఉత్తర్వు మడిచి జేబులో పెట్టుకుని, జీవితంలో మొదటిసారి ఎవరూ పంపకుండా ఒక చోటికి బయల్దేరాడు.

జెండా ఇంట్లో అడుగుపెట్టేసరికి నాలుగూ ఇరవై. జెండా కుర్చీ వేశాడు, పిల్లల చదువులు అడిగాడు. ఉత్తర్వును పెదాలు కదుపుతూ చదివి, నిజమే, కాదనడానికి లేదన్నాడు. అయితే టీ తాగకుండా వెళ్తే తనకు అవమానమట. ఆ టీకి నీళ్ళు కాగడానికి పావుగంట, పంచదార వెతకడానికి ఇంకో పావుగంట పట్టింది.

“మిషను ఇప్పించండి, పది తక్కువ అయిదు” అన్నాడు గుమాస్తా.

“తొందరేముంది గుమాస్తాగారూ, ఇంకో పది నిమిషాలు ఓపికపడితే అసలు తప్పే కాదు.”

గుమాస్తా తలూపాడు. మూలనున్న మిషను వైపు చూస్తూ టీ చప్పరించాడు. అడుగున మిగిలిన పంచదార కూడా వేలితో నాకాడు. సభ కోసం సందు చివర స్తంభానికి కట్టిన లౌడ్‌స్పీకరు గొంతు సవరించుకుంది. అయిదైంది. అతను లేచి, మిషను భుజానికెత్తుకున్నాడు.

“ఏమిటిది? అయిదు దాటింది” అన్నాడు జెండా.

“అందుకే ఎత్తుకున్నా. ఇందాకైతే మీరు ఇవ్వకుండా మీ ఇంట్లోంచి పట్టుకెళ్ళడం తప్పు.”

జెండా నోరు మూసేలోపు గుమాస్తా గుమ్మం దాటాడు. బరువుకు నడుము వంగిందే గానీ అడుగు తడబడలేదు. జెండా వీధిలోకి పడి “దొంగ, దొంగ” అని గొంతు చించుకున్నాడు. సరిగ్గా అప్పుడే లౌడ్‌స్పీకరులో మంత్రిగారు నా ప్రియమైన ప్రజలారా అన్నారు.

సభ బందోబస్తుకు వేసిన కానిస్టేబులు వచ్చి జెండా కాలరు పట్టుకున్నాడు.

“మంత్రిగారు మాట్లాడుతుంటే ఏమిటా కూతలు?”

“ఆయన్ని కాదండీ.”

“మరి ఎవర్ని?”

జెండా చెయ్యి సందు చివరిదాకా చాపాడు. అక్కడ గుమాస్తా తన అక్క గుమ్మంలో మిషను దించి, తువ్వాలుతో దుమ్ము దులుపుతున్నాడు. కానిస్టేబులు అటు చూశాడు, తన గడియారం చూసుకున్నాడు, అయిదూ నాలుగు.

“ఈ వేళప్పుడు ఊళ్ళో దొంగలెవరూ ఉండరే. ఆలోచించి చెప్పు, ఎవర్నన్నావు?”

లౌడ్‌స్పీకరులో చప్పట్లు మోగుతున్నాయి. చివరికి జెండా చెయ్యి నెమ్మదిగా, దానంతటదే, స్తంభం మీది లౌడ్‌స్పీకరు వైపు లేచింది.