రసీదు ఇవ్వని బోర్డు

మూడో అంతస్తు అల్లుడు ఉద్యోగం మానేసి, అత్తారింట్లో కూర్చుని పచ్చటి అట్టముక్కకు తీగలు గుచ్చుకుంటున్నాడని పక్కింటావిడ కిందింట్లో చెప్పిందట. సాయంత్రానికల్లా ఆ మాట మెట్లెక్కి అత్తమామల చెవిన పడింది.

అది అట్టముక్క కాదు, ఎలక్ట్రానిక్ బోర్డు. ట్యాంకు నిండగానే మోటారును దానంతటదే ఆపాలి. భవన సంఘం అధ్యక్షుడికి నచ్చితే ఆరు బ్లాకులకూ అదే. నచ్చకపోతే అల్లుడు మానేసిన ఉద్యోగం కాళ్లే పట్టుకోవాలి. మర్నాడు పదింటికి వస్తానన్న అధ్యక్షుడు తొమ్మిదింటికే బయల్దేరానని ఫోన్ చేశాడు. అల్లుడు ఇంకా గడ్డం గీసుకోలేదు.

"మామయ్యగారూ, ఈ బొత్తాం నొక్కిపట్టి కేబుల్ గుచ్చండి. బోర్డు కంప్యూటర్లో పెన్‌డ్రైవ్‌లా కనబడుతుంది. 'కొత్తది' అన్న ప్రోగ్రాం ఫైలు అందులో వేసెయ్యండి, అంతే!" అంటూ బాత్రూంలోకి పరిగెత్తాడు.

మామగారు ముప్పయ్యేళ్లు రిజిస్టరు పోస్టు కౌంటర్లో కూర్చున్న మనిషి. రసీదు చూడనిదే ఏదీ చేరినట్టు ఒప్పుకోడు. ఫైలు వేశాడు. తెరమీది పెన్‌డ్రైవే మాయమైంది. మళ్లీ నొక్కి, గుచ్చి, తెరిచి చూస్తే లోపల ఫైలు లేదు. మళ్లీ వేశాడు. మళ్లీ మాయం. తొమ్మిదోసారికి చెమటలు పట్టాయి.

"మింగేస్తోందే!"

"మీరు వేస్తున్నారు, అది మింగుతోంది," అంది అత్తగారు బట్టలు మడతపెడుతూ.

కొత్తది నిలవడం లేదు గనక, పక్కనున్న 'పాతది' గట్టి సరుకై ఉంటుందని అది వేశాడు. అదీ మాయమైంది. అంతలో కాలింగ్ బెల్ మోగింది.

"అయిందా మామయ్యగారూ?" లోపలినుంచి అల్లుడు.

"ఆ... అయినట్టే."

బోర్డుకు తగిలించిన చిన్న మోటారుతో బకెట్లోకి నీళ్లు తోడి అధ్యక్షుడికి చూపించారు. "నిండగానే ఆగిపోతుందండీ," అన్నాడు అల్లుడు. నిండింది. ఆగలేదు. నీళ్లు బకెట్ దాటి, గడప దాటి, అధ్యక్షుడి బూట్లలోకి దిగాయి. అత్తగారు వచ్చి ప్లగ్గు పీకింది.

"ఆగింది," అంది.

అడిగితే మామగారు జరిగిందంతా చెప్పాడు. అల్లుడు తల పట్టుకున్నాడు. "మాయమైతేనే ఎక్కినట్టండీ! తొమ్మిదిసార్లూ ఎక్కింది. పదోసారి పాతదాన్ని ఎక్కించారు. దానికి ఆపడం రాదు."

కొత్తది మళ్లీ వేశాడు. డ్రైవ్ మాయమైంది. బకెట్ వంచి మళ్లీ నింపారు. అంచుకు వేలెడు దూరంలో మోటారు ఆగింది.

అధ్యక్షుడు బూట్లు చేత్తో పట్టుకుని, "ఆరు బ్లాకులకూ పెట్టెయ్. పెట్టేటప్పుడు మాత్రం ఈయన్ని బోర్డు ముట్టుకోనివ్వకు," అన్నాడు.

మామగారికి రోషం వచ్చింది. "చేరానని ఒక్క ముక్క చెప్పకుండా మాయమైపోతే అవతలివాళ్లు ఏమనుకోవాలి?"

అత్తగారు తడిగుడ్డ పిండుతూ తలెత్తింది.

"ముప్పయ్యేళ్లుగా ఊరెళ్లినప్పుడల్లా మీరొక్కసారైనా చేరానని ఫోన్ చేశారా?"