జలగల కోర్టుకు వచ్చిన గ్రాంటు

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఒక మూల పుట్టిన తగువు రెండో మూలకి చేరేసరికి పెళ్లి కబురుగా మారిపోయేంత పెద్ద అడవిలో, చింతలవాగు దగ్గర ఒక కోర్టు ఉండేది. దానికి గోడల్లేవు, కప్పు లేదు. వాగు మధ్య ఒక బండ, బండ మీద వరహాలమ్మ అనే ముసలి తాబేలు. అంతే.

ఆ కోర్టుకి ఒకటే ఆచారం. తగువు పడ్డవాళ్లిద్దరూ మోకాలి లోతు నీళ్లలో నిలబడి మాట్లాడాలి. ఆ వాగులో జలగలు జాస్తి. మొదటి జలగ పట్టేసరికి ఉపోద్ఘాతం ఆగిపోయేది, రెండోది పట్టేసరికి అబద్ధం ఆగిపోయేది. మూడో జలగ దాకా నిలబడ్డ కక్షిదారుణ్ణి వరహాలమ్మ తన జన్మలో చూడలేదు. పొద్దున వచ్చిన తగువు మధ్యాహ్నం మేతవేళకి తీరిపోయేది.

ఆవిడ దిగులల్లా ఒకటే. వానాకాలం వాగు పొంగితే బండ మునిగేది, నాలుగు నెలలు కోర్టు మూతపడేది. దొంగలకి చేతినిండా పని దొరికేది ఆ నాలుగు నెలల్లోనే. ఒడ్డున మిట్ట మీద నాలుగు తాటాకులు కప్పుకుని, కింద ఒక నీళ్ల గుంట తవ్వుకుంటే, వానలో కూడా నలుగురి గోడూ వినొచ్చు కదా అని ఆవిడ ఆశ.

ఆ ఆశ గుర్నాథం చెవిన పడింది. గుర్నాథం నక్క. ఊరి పొలిమేరలో రెండేళ్లు తిరిగి, ఆఫీసుల వెనక గోడల పక్కన పడుకుని సంపాదించిన చదువుతో అడవిలో పెద్దమనిషిగా చలామణీ అవుతున్నాడు. కొండ అవతల ఏనుగులు న్యాయసహాయ నిధి పెట్టాయనీ, అడవి కోర్టులకి గ్రాంటు ఇస్తున్నాయనీ చెప్పి, టేకాకు మీద రాసిన దరఖాస్తు ఒకటి తెచ్చి ఆవిడ ముందు పరిచాడు.

"పెండింగు కేసులెన్ని అత్తా?"

"ఏమీ లేవు నాయనా. నిన్న ఒకటొచ్చింది, నిన్ననే పోయింది."

గుర్నాథం నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "రోగుల్లేని ఆసుపత్రికి మందులెవరిస్తారు? మనకి గ్రాంటు రావాలంటే ఇక్కడ అన్యాయం పేరుకుపోయి ఉండాలి."

"లేని అన్యాయం ఎక్కణ్ణుంచి తెస్తాం?"

"తేనక్కర్లేదు. వచ్చినదాన్ని పోనివ్వకుండా ఉంటే చాలు."

నిధివాళ్ల తరఫున కొంగ తనిఖీకి వచ్చేదాకా ఒక్క పక్షం రోజులు ఓపిక పట్టమన్నాడు. ఆ తర్వాత మిట్ట మీద కప్పు, ఏడాది పొడుగునా న్యాయం. వరహాలమ్మకి తాటాకులు కళ్ల ముందు ఆడాయి. ఒక్క పక్షమేగా అనుకుంది. ఇలా మొదలైన పనులు ఎప్పుడు చెప్పిన గడువుకి తెమిలాయి గనక?

ఆ మర్నాడే పోలమ్మ అనే చూలింత కుందేలు వచ్చింది. వీరభద్రం అనే అడవిపంది ఆమె బొరియని పెకలించి, వెడల్పు చేసి, అందులో పడక వేశాడు. వానలు దిగేలోపు ఇల్లు దక్కకపోతే పిల్లల్ని ఎక్కడ కనాలని ఆమె ఏడ్చింది. వీరభద్రానికి ఒకటిన్నర జలగ చాలు. తీర్పు వరహాలమ్మ నాలుక చివరే ఉంది. ఒడ్డు మీంచి గుర్నాథం దగ్గాడు.

"వాయిదా" అంది వరహాలమ్మ.

ఆ అడవిలో ఎవరూ అంతకుముందు వినని మాట. ఏదో మందు పేరనుకుంది పోలమ్మ. "రోజుకి ఎన్నిసార్లు వేసుకోవాలమ్మా?" అని వినయంగా అడిగింది. వరహాలమ్మ తల డొప్పలోకి లాక్కుంది.

ఆ మందు పోలమ్మకి పనిచెయ్యలేదు గానీ దొంగలకి దివ్యంగా పనిచేసింది. కోర్టుకెళ్తే ఏమీ కాదని తెలిశాక తప్పు చేసినవాళ్లే ముందుగా వచ్చి కేసులు పెట్టసాగారు. ఎలుగు తేనె దొంగిలించిన కోతి, ఎలుగు తనని గుర్రుగా చూస్తోందని ఫిర్యాదు ఇచ్చింది. కుందేలు ఏడుపు వల్ల తన నిద్ర పాడవుతోందని వీరభద్రం ఇంకో కేసు పెట్టాడు.

కొంగ వచ్చి, ఒంటికాలి మీద నిలబడి, పెండింగు కేసులు రాసిపెట్టిన ఆకుల గుట్టని తనివితీరా చూసింది. ఇంత అన్యాయం ఒక్కచోట పోగుపడటం తన సర్వీసులో ఎరగనని మెచ్చుకుని గ్రాంటు మంజూరు చేసింది. కాకపోతే నీళ్లలో నిలబెట్టడం మోటుతనం గనక హాలు కట్టి కక్షిదారుల్ని కూర్చోబెట్టాలంది. హాజరు పక్కాగా ఉండాలంది. హాజరు చూపించడానికి గుర్నాథం ఒక రూలు రాసిపెట్టాడు: విచారణ మధ్యలో లేచినవాడు కేసు ఓడినట్టే.

మిట్ట మీద లేవాల్సిన హాలు వాగు పక్కన పల్లంలో లేచింది. మిట్ట మీద ప్రోగ్రాం అధికారి గుర్నాథంగారి నివాసం లేచింది.

హాలు చల్లగా, గడ్డి పరుపులతో మెత్తగా ఉంది. కూర్చున్నవాడు లేవడు, మొదలుపెట్టినవాడు ఆపడు. వీరభద్రం తన వాదన తాతగారి పుట్టుకతో ఎత్తుకుని, పది రోజులకి నాన్నగారి పాలపళ్ల దాకా వచ్చాడు. వరహాలమ్మ తీర్పు చెప్పబోయినప్పుడల్లా, పెండింగు తగ్గితే గ్రాంటు రెండో విడత రాదని గుర్నాథం చెవిలో గొణిగేవాడు. పోలమ్మ రోజూ వచ్చి గుమ్మం దగ్గర కూర్చునేది. ఆమె పొట్ట పెరిగింది, మాట తగ్గింది. ఆమెని చూడాల్సి వస్తుందని సిగ్గుపడి వరహాలమ్మ తల బయట పెట్టడమే మానేసింది.

ఆ ఏడు వాన ముందే దిగింది. వీరభద్రం నాన్నగారి మొదటి కోర గురించి చెబుతుండగా వాగు పొంగి గుమ్మం దాటింది. గుర్నాథం తోక ఎత్తి పట్టుకుని లేచాడు.

"ఇవాళ్టికి వాయిదా వెయ్యి అత్తా."

పోలమ్మ నీళ్లలో వణుకుతోంది గానీ గుమ్మం వదల్లేదు. వరహాలమ్మ గడప దాకా నడిచి వెళ్లి ఆమెని తన డొప్ప మీదికి ఎక్కించుకుంది. ఇన్నాళ్లూ లోపల దాక్కున్న మెడ పూర్తిగా బయటికి వచ్చింది.

"రూలు నువ్వు రాసిందే నాయనా. మధ్యలో లేచినవాడు ఓడినట్టే. కూర్చో."

ఓడటానికి ఎవరూ సిద్ధంగా లేరు గనక కక్షిదారులెవరూ లేవలేదు. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి. నీళ్లతో పాటు కోర్టు పాత సిబ్బందీ వచ్చింది. మొదటి జలగ పట్టగానే వీరభద్రం నాన్నగారి కోరని సగంలో వదిలేశాడు. రెండోది పట్టగానే, "బొరియ ఆమెదే తల్లీ, ఖాళీ చేస్తాను, ముందు దీన్ని పీకించండి" అన్నాడు. కోతి తేనె సంగతి ఒప్పుకుంది. సాయంత్రానికి పెండింగు ఆకులన్నీ వాగులో కొట్టుకుపోయాయి. ఒక్క తగువు కూడా మిగల్లేదు.

గట్టు మీదున్న బొరియ దాకా వరహాలమ్మే పోలమ్మని మోసుకెళ్లి దింపింది.

"ఈ మాట ఆ రోజే చెప్పేదానివి కదమ్మా" అంది పోలమ్మ.

వరహాలమ్మకి తల లోపలికి లాక్కోవాలనిపించింది. లాక్కోలేదు.

రెండో తనిఖీకి వచ్చిన కొంగకి వరదలో పోయిన హాలు తాలూకు నాలుగు గుంజలు కనబడ్డాయి, పెండింగు మాత్రం కనబడలేదు. ఇక్కడ అన్యాయం లేనందున సాయం నిలిపివేయడమైనదని రాసుకుని ఎగిరిపోయింది. అప్పటికే గుర్నాథం వరద బాధితుల నిధికి దరఖాస్తు సగం నింపాడు. వరహాలమ్మ ఆ వానాకాలం కోర్టు మూసెయ్యలేదు. వాగు ఎక్కడిదాకా పొంగితే అక్కడే, మోకాలి లోతులో, తడుస్తూ తీర్పులు చెప్పింది.

నీతి: న్యాయానికి కప్పు లేకపోయినా గడుస్తుంది గానీ, జలగ లేకపోతే గడవదు.