ఒక్క సెకనులో శభాష్

ప్రతి ఇంటికీ ఒక కుక్కల టీచరు ఉండాలి. కుక్క లేకపోయినా సరే!

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను. డాక్టరు లేకపోయినా రోజులు గడుస్తాయి, సగం జబ్బులు వాటంతట అవే తగ్గుతాయి గనక. వకీలు లేకపోతే ఇంకా హాయిగా గడుస్తాయి. కుక్కల టీచరు లేకుండా ఇన్నేళ్లు ఎలా బతికామా అని మాత్రం నేను ఈమధ్య తెగ ఆశ్చర్యపోతున్నాను.

తెలియనివాళ్లకు చెబుతాను. కుక్కలకు పోటీలుంటాయి. ఒకటి బుద్ధిగా ఉండే పోటీ. కూర్చోమంటే కూర్చోవాలి, పక్కన నడవమంటే నడవాలి, రమ్మంటే రావాలి. దీన్ని ఒబీడియన్స్ అంటారు. రెండోది గెంతే పోటీ. అడ్డంకులు దూకాలి, గొట్టంలో దూరి బయటికి రావాలి. దీన్ని ఎజిలిటీ అంటారు. మా కాలనీ వెనక మైదానంలో ఒక అక్కా తమ్ముడూ ముప్పై ఏళ్లుగా ఈ రెండూ నేర్పుతున్నారు. అక్కగారిది మొదటిది, తమ్ముడిగారిది రెండోది. ఇద్దరికీ మోకాళ్లు పోయాయి. గొంతులు మాత్రం భద్రంగా ఉన్నాయి.

ఉదయం ఆరింటికి మొదలయ్యే ఆ గోలకు నేనూ ఒకప్పుడు కిటికీలు బిడాయించుకున్నవాణ్ణే. కుక్కలు అరిస్తే సర్దుకుపోవచ్చు. అక్కడ అరిచేది మనుషులు!

"అబ్బబ్బబ్బ! ఎంత బాగా కూర్చున్నావే నా బంగారుకొండా!" అని పిల్ల గొంతుతో కేక వేసేది ఎవరనుకున్నారు? బ్యాంకు మేనేజరు. నేను ఫారం అడిగితే తల కూడా ఎత్తని పెద్దమనిషి! పళ్ల డాక్టరు గడ్డి మీద పొర్లుతుంది. పోలీసు ఇన్‌స్పెక్టరు చప్పట్లు కొడుతూ ఒంటికాలి మీద గెంతుతాడు. ఎదురుగా ఉన్న కుక్క చేసిన ఘనకార్యం ఏమిటయ్యా అంటే, కూర్చోవడం.

వాళ్ల తప్పేం లేదు. టీచరమ్మ రూలు అది. కుక్క మంచి పని చేసిన ఒక్క సెకనులోపు మెచ్చుకోవాలి. సెకను దాటాక ఎంత పొగిడినా ఆ పొగడ్త దేనికో దానికి తెలియదట. ఇంకో రూలు కూడా ఉంది. మెచ్చుకున్న తర్వాత 'కానీ' అనకూడదు.

ఇక నా సంగతి. నేను లిఫ్టుల ఇన్‌స్పెక్టర్ని. లిఫ్టు బాగోలేకపోతే ఏం బాగోలేదో రాస్తాను. బాగుంటే ఏమీ రాయను, సంతకం పెట్టి వచ్చేస్తాను. ఇంట్లోనూ అదే పద్ధతి. ఎదురుగా పొగిడితే ఆయుక్షీణమని పెద్దలు ఊరికే అన్నారా? ఆ లెక్కన మా ఇంట్లో అందరం నూరేళ్లు దాటి బతకాలి. మా నాన్నగారు నన్ను జీవితంలో ఒకే ఒక్కసారి మెచ్చుకున్నారు. అదీ పక్కింటివాళ్లతో, నేను ఊళ్లో లేనప్పుడు.

ఇలాంటి వంశంలో పుట్టిన మా అమ్మాయి డిగ్రీ చదువుకుంటూ ఒక కుక్కను తెచ్చింది. ఆనందం వస్తే గిర్రున తిరుగుతుందని దానికి బొంగరం అని పేరు పెట్టింది. ఆరు నెలలు తెల్లవారుజామునే లేచి, ఒబీడియన్స్ పోటీకి తయారు చేసింది. తీరా పోటీ మూడు వారాలుందనగా మెట్ల మీద కాలు జారింది. పిక్క దాకా ప్లాస్టరు! ఆసుపత్రికి పరిగెత్తి వెళ్లి నేను మొదట అన్న మాట, "లిఫ్టు ఉండగా మెట్లెందుకు దిగావు?"

మా ఆవిడకు నడుం నొప్పి. అందుచేత గొలుసు నా చేతికి వచ్చింది.

"ఆరు నెలల కష్టం నాన్నా. పోనియ్యకు" అంది అమ్మాయి. "నువ్వేం నేర్పక్కర్లేదు. దానికన్నీ వచ్చు. నువ్వు మెచ్చుకుంటే చాలు."

మెచ్చుకుంటే చాలట! అంతకంటే ఆ లిఫ్టును భుజాన వేసుకుని పదో అంతస్తుకు ఎక్కమన్నా బాగుండేది.

మొదటిరోజు కూర్చోమనగానే బొంగరం కూర్చుంది. ప్లాస్టిక్ కుర్చీలోంచి టీచరమ్మ స్టాప్‌వాచ్ నొక్కింది. నేను కుక్క చుట్టూ ఒకసారి తిరిగి, వంగి, పరిశీలించి చెప్పాను.

"ఎడమ తుంటి కొంచెం పక్కకి పోయిందండీ. మిగతా లోపాలేం లేవు."

"తొమ్మిది సెకన్లు" అంది టీచరమ్మ. "అందులో మెచ్చుకున్నది ఎక్కడ సార్?"

"మిగతా లోపాలేం లేవన్నాను కదండీ!"

"మీకు పెళ్లయిందా?"

"అయిందండీ. ఇరవై నాలుగేళ్లు."

"పాపం" అందావిడ. నన్నో మా ఆవిడనో చెప్పలేదు.

మూడోరోజుకు నోరు పెగిలింది. "శభాష్. బాగానే కూర్చున్నావు. కానీ..." అన్నాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు, మూడు రోజుల్లో పోతుందా? ఆ మాట వినగానే బొంగరం లేచి గిరగిరా మూడు చుట్లు తిరిగింది. వారం తిరిగేసరికి దానికి స్పష్టంగా అర్థమైపోయింది. 'కానీ' అంటే లేచి మూడు చుట్లు తిరగమని! అమ్మాయి నేర్పిన పది కమాండ్లకు నేను పదకొండోది చేర్చాను. దాన్ని మరిపించడానికి తల ప్రాణం తోకకు వచ్చింది.

టీచరమ్మ మమ్మల్ని తమ్ముడిగారి దగ్గరికీ పంపింది, నా కాళ్లు సాగుతాయని. ఆయన సిద్ధాంతం ఒకటే. "తప్పెప్పుడూ కుక్కది కాదు సార్. మీ కాలి బొటనవేలు ఎటు చూస్తే అది అటు పోతుంది." నిజమే. బొంగరం గొట్టంలోకి వెళ్లకుండా మూడుసార్లు గేటు బయట టీ బండి దగ్గరికి వెళ్లింది. నా బొటనవేలి మనసులో ఏముందో దానికి తెలిసిపోయింది.

అసలు తంటా గొంతుతో వచ్చింది. నా శభాష్ వింటే తలుపు కిర్రుమన్నట్టుందట, ఇంకా పైకెత్తాలట. ఇంట్లో బాత్రూంలో సాధన చేస్తే, ఎవరు జారిపడ్డారంటూ కింది వాటావాళ్లు పరిగెత్తుకొచ్చారు. పోనీ అని డ్యూటీలో, లిఫ్టు కింద గోతిలోకి దిగి, "అబ్బబ్బబ్బ! ఎంత మంచి పిల్లవే!" అని గొంతెత్తాను. ఐదో అంతస్తులో వాచ్‌మన్‌కు ఆ మాట లిఫ్టులోంచి వినిపించింది. అతను నాలుగు రోజులు పనిలోకి రాలేదు.

పోటీ రోజు రానే వచ్చింది. జడ్జి చేతిలో అట్ట, చెవి మీద పెన్ను, మొహంలో ఏ భావమూ లేదు. నా జాతివాడే అని చూడగానే తెలిసింది. బరిలో బిస్కెట్టు ఇవ్వకూడదు, చప్పట్లు కొట్టకూడదు. ఒక అంశానికీ ఇంకో అంశానికీ మధ్య నోటితో మెచ్చుకోవడం ఒక్కటే అనుమతి. తాడు అవతల అమ్మాయి ప్లాస్టరు కాలు స్టూలు మీద పెట్టుకుని గోళ్లు కొరుకుతోంది.

పక్కన నడవడం అయింది. రమ్మంటే రావడం అయింది. చివరిది ఒక్క నిమిషం కదలకుండా కూర్చోవడం. పదకొండు కుక్కలు వరసగా కూర్చున్నాయి. పది అడుగుల దూరంలో పదకొండుమందిమి వణుకుతూ నిలబడ్డాం. ఇరవయ్యో సెకనుకు ఒక కుక్క పడుకుంది. నలభయ్యో సెకనుకు ఇంకొకటి వెళ్లి జడ్జిగారి బూటు లేసు నమలడం మొదలుపెట్టింది. బొంగరం తుంటి మళ్లీ పక్కకి పోయింది. నేను నాలుక కరుచుకున్నాను. నిజంగానే కరుచుకున్నాను, రక్తం వచ్చింది.

నిమిషం అయింది! "శభాష్! శభాష్ రా నా బంగారుకొండా!" అని నేను పెట్టిన కేకకు జడ్జిగారి చెవి మీది పెన్ను కింద పడింది. మూడో బహుమతి వచ్చింది, బొంగరం మెడపట్టీకి ఒక రిబ్బన్ గుచ్చారు.

గొలుసు తీసుకెళ్లి అమ్మాయి చేతికిచ్చాను. ఆ పిల్ల నా మొహం చూడలేదు. కుక్క మెడ నిమురుతూ అడిగింది.

"నాన్నా, నేను నేర్పింది బాగుందా?"

ఒక్క సెకను. నా కళ్లు అలవాటు కొద్దీ రిబ్బన్ మీదికి పోయాయి. పిన్ను వంకరగా ఉంది. రెండో సెకను. అమ్మాయి తల ఇంకొంచెం వంగింది. నాకు సిగ్గేసింది. ఇరవై ఏళ్లుగా ఈ పిల్ల ఎన్నిసార్లు ఇలా తలవంచుకుని నిలబడిందో! నేను ఎన్నిసార్లు సంతకం పెట్టి వెళ్లిపోయానో! వెనక టీచరమ్మ దగ్గింది. ఏదో ఒకటి చెప్పాలి. మెచ్చుకోవడానికి నాకు వచ్చింది ఒక్కటే గొంతు.

"అబ్బబ్బబ్బ! ఎంత బాగా నేర్పావే నా బంగారుకొండా! శభాష్! శభాష్!"

ఒంటికాలి మీద గెంతాను కూడా. మైదానంలో ఉన్న కుక్కలన్నీ నా వైపు తిరిగి తోకలూపాయి. "నాన్నా! అందరూ చూస్తున్నారు!" అంటూ అమ్మాయి రెండు చేతులతో మొహం కప్పుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. కాసేపటికి వేళ్ల సందులోంచి తడి కళ్లతో చూసి, మెల్లగా అంది.

"ఇంకోసారి అను."

ఇప్పుడు చెప్పండి, కుక్కల టీచరు అక్కర్లేదంటారా? ఇంటికే కాదు, ప్రతి ఆఫీసుకూ ఒకరిని వెయ్యాలని నా వాదన. స్టాప్‌వాచ్‌తో సహా!

ఆఫీసు ఎందుకొచ్చింది మధ్యలో, అంటారు. చెబుతాను. ముప్పై మూడేళ్లుగా ఈ ఊరి లిఫ్టులు తనిఖీ చేస్తున్నాను. ఒక్క తాడు తెగలేదు. ఒక్క పెట్టె జారలేదు. రోజూ లక్షమంది ఎక్కుతున్నారు, దిగుతున్నారు, ఇళ్లకు వెళ్లి భోజనాలు చేస్తున్నారు. మా ఆఫీసరు ఎప్పుడూ ఏమీ అనలేదు.

వచ్చే నెల నా రిటైర్మెంట్. సభ పెడతారట. పదిమంది మాట్లాడతారట. నా గురించి గంటసేపు మంచి మాటలే చెబుతారట. సరే, వేదిక మీద కదలకుండా కూర్చుంటాను, అంతా వింటాను. దేనికి మెచ్చుకుంటున్నారో మాత్రం నాకు తెలియదు.