హాజరు తప్పని బస్సు

ఒరేయ్ అల్లుడూ, పాత బండిని ఒక్కసారి చూస్తే చాలు దాని జాతకం చెప్పేస్తానని మీసం మెలేస్తావు కదా, పోయినేడు నువ్వు కొన్న స్కూటర్ని ఇంటిదాకా తోసిందెవరో మర్చిపోయావా? పెళ్లివారింకా రాలేదు గానీ, ఆ కుర్చీలో కూలబడి ఇది విను. మన ఊళ్లో కడలి ఏడుకొండలు టిఫిన్ హోటల్‌గా మార్చుకున్న స్కూలు బస్సు, ఆ స్కూలు మూతపడి పాతికేళ్లయినా, రోజూ పొద్దున్నే తనంతట తానే బయల్దేరి పాత పిల్లల్ని ఎక్కించుకునేది.

ఇందులో వింతేమీ లేదు. స్కూలు మూసేస్తున్నట్టు తల్లిదండ్రులకి చెప్పారు, టీచర్లకి చెప్పారు. బస్సుకి మాత్రం ఎవరూ చెప్పలేదు. అది ఏళ్ల తరబడి షెడ్డులో సెలవులనుకుని పడుకుంది. ఏడుకొండలు దాన్ని వేలంలో పాడుకుని, ఒకవైపు సీట్లు పీకించి గ్యాస్ పొయ్యి బిగించాడు. కిటికీ ఒకటి కోయించి గల్లాపెట్టె పెట్టాడు. పక్కన 'మంగతాయారు టిఫిన్స్' అని భార్య పేరు రాయించాడు. పొయ్యి వెలిగించిన మొదటి సోమవారం, ఇడ్లీ పాత్రకి ఆవిరి పట్టేలోపే బస్సు హారన్ కొట్టి కదిలిపోయింది. స్టీరింగ్ దగ్గర ఎవరూ లేరు. ఏడుకొండలు చట్నీ గిన్నె పట్టుకుని వెనకాల పరిగెత్తి ఎక్కాల్సి వచ్చింది.

బస్సు మొదట కాలవగట్టు మీద ఆగి తలుపు తెరిచింది. ఎరువుల కొట్టు గొలుగూరి రామిరెడ్డి ఆ హారన్ విని, మందు బస్తా తూస్తున్నవాడల్లా త్రాసు వదిలేసి, తల తడిపి దువ్వుకుని వచ్చి ఎక్కాడు. సీట్లో కూర్చుని ఎదురుగా ఎవరూ లేకపోయినా "ప్రెజెంట్ సార్" అన్నాడు. అప్పుడుగానీ బండి కదల్లేదు. రైస్ మిల్లు సందులో బ్యాంకు క్యాషియర్ పద్మజ ఎక్కింది. కోళ్లఫారం దగ్గర ఇద్దరు అన్నదమ్ములు ఎక్కి, కిటికీ సీటు కోసం కొట్టుకున్నారు. ఇద్దరికీ బట్టతలే.

స్కూలున్న చోట ఇప్పుడు ఫంక్షన్ హాలుంది. బస్సు అందరినీ అక్కడే దించింది. వాళ్లు లోపలికెళ్లి వరసగా కుర్చీల్లో కూర్చున్నారు, చేతులు కట్టుకున్నారు. సాయంత్రం బస్సు మళ్లీ ఎవరి ఇంటి ముందు వాళ్లని దించింది. అడిగితే, ఒంట్లో ఇంత తేలిగ్గా ఉండి ఎన్నాళ్లయిందో అన్నారు. అక్కడ బేరం తెగ్గొట్టక్కర్లేదు, ఎవరికీ ఫోను ఎత్తక్కర్లేదు. కూర్చోమంటే కూర్చోడం, లేవమంటే లేవడం.

ఊరు కూడా త్వరగానే సర్దుకుంది. పద్మజ బస్సులో పలికిన హాజరే బ్యాంకులోనూ చెల్లుతుందని మేనేజరు ఒప్పుకున్నాడు. ఎరువుల కొట్టుని రామిరెడ్డి బామ్మ చూసుకుంది. ఇళ్లల్లో వాళ్లు రెండో రోజు నుంచీ క్యారేజీలు కట్టడం మొదలెట్టారు.

ఏడుకొండలు కొంప ముంచినవి ఆ క్యారేజీలే. బస్సు నిండా జనం, ఎవరికీ ఇడ్లీ అక్కర్లేదు. పెట్టెలో చిల్లర గలగలా లేదు. ఉన్న పొయ్యి అదొక్కటే, బతుకుదెరువు అదొక్కటే, అది ఊరంతా తిరుగుతోంది.

"ఏటయ్యా ఇది?" అంది మంగతాయారు. "పెనం మీద అట్టేస్తే తిరగేసేలోగా స్టాపొచ్చేత్తంది. నేను అట్లెయ్యాలా, ఈళ్లని పట్టుకు దించాలా? రేపు సోమవారానికి ఈ బండి ఉంటే నేనుండను. పొయ్యి పట్టుకుని మా అన్నయ్య ఇంటికి చెక్కేత్తాను."

"ఎవడు కొంటాడే దీన్ని?"

"నువ్వు కొన్లేదా? నీలాంటోడు ఇంకోడుండడా?"

ఏడుకొండలు రవాణా ఆఫీసుకి వెళ్లాడు. అక్కడి గుమాస్తా కళ్లజోడు తుడుచుకుని, ఈ బండి చదువు ఇంకా పూర్తి కాలేదనీ, మధ్యలో చేతులు మారాలంటే టీసీ కావాలనీ, అందులో నడవడిక రాయించాలనీ చెప్పాడు. హెడ్మాస్టరు పోయి చాలా కాలమైందని ఏడుకొండలు విన్నవించుకున్నాడు. "అయితే క్లాసు లీడరు చేత పెట్టించండి సంతకం," అన్నాడు గుమాస్తా. క్లాసు లీడరు దొరికాడు. ఎనిమిదో తరగతి మధ్యలో స్కూలు మూతపడటంతో చదువు అక్కడే ఆగిపోయినవాడు. ఏ ప్రశ్నా వెయ్యకుండా 'నడవడిక: సంతృప్తికరం' అని రాసి సంతకం గీకాడు.

ఆదివారం మాత్రం ఆ బస్సు మామూలు బస్సే. తాళం తిప్పితే లేస్తుంది, బ్రేకు తొక్కితే ఆగుతుంది. అందుకే ఏడుకొండలు బేరానికి ఆదివారమే పిలిచాడు. వచ్చినవాడు దంగేటి సూర్రావు. ఏటవతల టెంట్‌హౌస్ ఆయనది.

ఏడుకొండలు తెలివైనవాడు. పెద్ద లోపం దాచాలంటే చిన్న లోపాలన్నీ తనే ముందు చెప్పేయాలని అతనికి తెలుసు.

"దాపరికం లేదండీ. రివర్సు గేరు పడదండి," అన్నాడు.

"మనకి ఎనక్కెళ్లే పనేముందండీ?" అన్నాడు సూర్రావు.

"నలభై దాటి పరిగెత్తదండి."

"ఆయ్. తొందరేటండీ?"

"కుడేపు ఇండికేటర్ ఎలగదండి."

"ఎటు తిరుగుతామో ముందే చెప్పేత్తే ఎలాగండీ?"

సూర్రావు టైర్లు తన్ని చూడలేదు, ఇంజను తెరవమనలేదు. లోపలికెక్కి, మిగిలిన సీట్లు చేత్తో తడిమి, పొయ్యి తీసేస్తే ఇంకెంతమంది పడతారని మాత్రం అడిగాడు. అడిగిన ధరకి మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు. ఏడుకొండలు ఆ రాత్రి గురకపెట్టి నిద్రపోయాడు. పాపం సూర్రావు పొద్దున్నే లేచి బస్సు లేకపోవడం చూసి గుండెలు బాదుకుంటాడని తలచుకుని, నిద్రలో కూడా నవ్వాడట.

సోమవారం బస్‌స్టాండు పక్కన, కదలని నేల మీద, మంగతాయారు పొయ్యి వెలిగించింది. ఏడుకొండలు మొదటి అట్టు వేసి, అది పెనం మీదే ఉండటం చూసి చేతులు జోడించాడు. అప్పుడు హారన్ వినిపించింది. పసుపు బస్సు అతని ముందే ఆగి తలుపు తెరిచింది. మెట్టు మీద సూర్రావు తెల్ల చొక్కాలో నిలబడి ఉన్నాడు.

ఆయన గుండెలేమీ బాదుకోలేదు. ఫంక్షన్ హాలు లీజుకి తీసుకున్నది ఆయనే. ఇన్నాళ్లూ ఆ కుర్చీలు వేయించింది ఆయనే. మీటింగు పెట్టుకునే ప్రతి నాయకుడికీ జనాన్ని తోలివ్వడం ఆయన వృత్తి. ఊరూరా స్కూలు బస్సులు బతిమాలుకుని, ఎక్కినవాడికల్లా బిర్యానీ పొట్లం ఇచ్చి తోలుకొచ్చినా, మధ్యాహ్నానికి సగంమంది జారుకునేవారు. వీళ్లు పిలవకుండా వస్తారు, చేతులు కట్టుకుని కూర్చుంటారు, భోజనం వాళ్లే తెచ్చుకుంటారు.

"నేను ఆ స్కూల్లో చదవలేదండీ," అన్నాడు ఏడుకొండలు.

"ఎవరు చదివారండీ? ఎక్కండి, స్టాపు కొత్తగా ఏయించాను," అన్నాడు సూర్రావు.

"పెనం మీద అట్టుంది..."

"నేను తిరగేత్తాలే. క్యారేజీ మర్చిపోకు," అంది మంగతాయారు. అప్పటికే కట్టి ఉంచింది.

ఏడుకొండలు ఎక్కి కూర్చున్నాడు. ఎదురుగా ఎవరూ లేకపోయినా "ప్రెజెంట్ సార్" అన్నాడు. అప్పూ, అమ్మకమూ, చట్నీ ఉప్పూ అన్నీ తల్లోంచి దిగిపోయి, చాన్నాళ్లకి ఒళ్లు దూదిలా అయింది.

అదిగో, ముందు వరసలో చారల చొక్కా, ఏడుకొండలే. అలా చూస్తావేంట్రా? పెళ్లి భోజనం అనగానే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, పిల్లెవరో పిల్లాడెవరో అడక్కుండా పసుపు బస్సెక్కేశావు. ఎక్కగానే నీ నోట్లోంచి ఏం వచ్చిందో గుర్తు తెచ్చుకో. ప్రెజెంట్ సార్ అన్నావా లేదా? వేదిక మీద దండలేసుకున్నాయన పెళ్లికొడుకు కాదురా. చెయ్యెత్తినప్పుడల్లా చప్పట్లు కొట్టు, అంతే పని.

నా మీద కోపమెందుకు? క్లాసు లీడర్ని కదా, కొత్త పిల్లాణ్ణి చేర్పిస్తే నాకు కిటికీ సీటిస్తానన్నాడు సూర్రావు. క్యారేజీ లేదని బెంగపెట్టుకోకు, మీ అత్త నిన్నే నీకూ పులిహోర కలిపి పెట్టింది.